చేతులు మారు బిడ్డలు

ఆరేండ్లు నిండగానే బిడ్డ వైకల్యము తీరిపోవునా? శాఖల ఏర్పాటు చూడగా అట్లే తోచుచున్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమునుబట్టి వైద్యబృందము ఆరేండ్లలోపు పిల్లలను అంగన్‌వాడీలో ఏటికి రెండుమార్లు పరీక్షింపవలెను; మెడ నిలుపని బిడ్డను, మాట రాని బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను. పిదప పరీక్ష బడిలో, ఏటికొక్కమారే. అంగన్‌వాడీ ఒక శాఖది, ఆసుపత్రి వేరొకదానిది, బడి మరియొకదానిది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమైనను ఉచిత విద్యాహక్కును 6 మొదలు 18 ఏండ్లవారికే చెప్పినది. మెదడు మిక్కిలి వేగముగ ఎదుగు కాలము అంతకు మునుపే గడచిపోవును గదా!

భానూరులోని దినకూలికి ఈ శాఖాభేదములతో పనియేమి? మాటయు నడకయు నేర్పు అభ్యాసములు వారము వారము సాగవలసినవి. బిడ్డను సంగారెడ్డికి కొనిపోయిన ప్రతి దినము కూలి పోవును. క్షిపణులు చేయు భారత్ డైనమిక్స్ కర్మాగారము వెలసిన ఊరికి వారమునకొకమారు ఒక శిక్షకుని పంపుట ప్రభుత్వమువారికి అసాధ్యమని మేము నమ్మజాలము. ఆ శిక్షకుడు అంగన్‌వాడీకే రావలెను. బిడ్డ చికిత్సాపత్రము బిడ్డవెంట బడికి పోవలెను. ఒక శాఖ చేయి విడుచుటకు ముందు, వేరొక శాఖ ఆ చేయి పట్టినట్లు వ్రాతమూలకముగ ఒప్పుకొనవలెను.