దొంగ బంగారం, పాత స్నేహం

పుదుచ్చేరిలో కాలువకు తూర్పున, సముద్రపుటొడ్డు వరకు ఉన్న పేట వైట్ టౌన్. 1889లో స్థాపితమైన అలియాన్స్ ఫ్రాన్సేజ్ అక్కడి సుఫ్రెన్ వీధిలో నేటికీ ఫ్రెంచి నేర్పుతున్నది. అయితే పాఠ్యపుస్తకాల ఫ్రెంచికి లొంగని మాట ఒకటుంది: 'గ్రిజ్బీ'. పారిస్ దొంగల పరిభాషలో దాని అర్థం సొమ్ము. 'తుషే పా ఓ గ్రిజ్బీ' అంటే 'ఆ సొమ్ము ముట్టవద్దు' అని. తెలుగులో సొమ్ము అంటే నగ అనే అర్థం కూడా ఉన్నది గనుక అనువాదమే ఒక పాలు మిన్న. ఇందులో దొంగసొత్తు బంగారమే మరి!

జాక్ బెకర్ తీసిన ఈ చిత్రం 1954 మార్చిలో విడుదలయింది. అదే సంవత్సరం జూన్‌లో తెలుగువారి యానాం, నవంబరు 1న పుదుచ్చేరి ఫ్రెంచి ఏలుబడి నుండి బయటపడ్డాయి. అక్కడ తెరమీద కూడా ఒక పాత దొరకు వయసు మళ్ళుతున్నది.

అతని పేరు మాక్స్. ఓర్లీ విమానాశ్రయంలో ఎనిమిది బంగారు కడ్డీలు కాజేశాడు. ఇక చాలించుకుందామనుకుంటాడు. చిరకాల మిత్రుడు రితోన్ ఒక నాట్యకత్తె దగ్గర నోరు జారగా, కబురు ప్రత్యర్థి ఆంజెలో చెవిన పడుతుంది.

ఇంతవరకు ఏ నేరకథలోనైనా ఉండేదే. బెకర్ ప్రతిభ తరువాతి రాత్రిలో ఉన్నది. మాక్స్ మిత్రుణ్ణి తన రహస్య నివాసానికి తీసుకుపోతాడు. తిట్టడు, కొట్టడు. రొట్టె, మాంసపు ముద్ద, తెల్ల ద్రాక్షసారా ముందు పెడతాడు. కళ్ళకింది సంచులు చూసుకొమ్మని, ఈడు మీరిందని మందలిస్తాడు. అటుపైన పైజమా, పళ్ళు తోముకునే బ్రష్షు చేతికిస్తాడు. తుపాకి ఊసే లేదు; అయినా చూపు మరల్చలేము. మాక్స్‌గా జాఁ గబాఁ వయస్సు అప్పటికి యాభైకి దగ్గర. 1937 నాటి 'పెపే ల్ మోకో'లోని ఉద్ధతి తగ్గి, మాట నెమ్మదించి, రెప్పలు బరువెక్కాయి. ఆ బరువే పాత్రకు ప్రాణమయింది. అదే ఏడు వెనిస్ ఉత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఆయనకు లభించింది.

రితోన్‌గా రెనే దారీ అమాయకత్వం జాలి గొలుపుతుంది. నాట్యకత్తెగా జాన్ మొరో అప్పటికింకా తార కాదు. ఆంజెలో పాత్రధారి లీనో వెంతురా మునుపు మల్లయోధుడు. ఇదే తొలి చిత్రం. నటన నేర్వని ఆ మొరటుదనం గబాఁ నిదానానికి సరిజోడు.

ఆంజెలో రితోన్‌ను ఎత్తుకుపోయినప్పుడు మాక్స్ మనసులోనే మిత్రుణ్ణి తిట్టుకుంటాడు. చివరకు బంగారమిచ్చి విడిపించుకోబోతాడు. కాల్పుల్లో కారు తగలబడి బంగారం దక్కదు. రితోన్ కూడా దక్కడు. ఆ తరువాత మాక్స్ ఎప్పటి హోటలుకే భోజనానికి వచ్చి, తనకు ఇష్టమైన పాత రికార్డు పెట్టించుకుంటాడు. మౌతార్గన్ పాట మొదలవుతుంది. గబాఁ ముఖం మాత్రం కదలదు.