పేరు మాకు, పని అందరికీ

వాస్తుశిల్పం వృత్తివిద్య అని అందరూ ఒప్పుకుంటారు. ఎప్పుడు ఒప్పుకుంటారన్నదే ప్రశ్న. విద్యార్థి దగ్గర రుసుము వసూలు చేసేటప్పుడు అది వృత్తివిద్య. ఐదేళ్ళపాటు రాత్రిళ్ళు మేలుకొలిపి పటాలు గీయించేటప్పుడూ వృత్తివిద్యే. పట్టా పుచ్చుకొని బయటికి వచ్చి, "నా వృత్తికి హద్దులేవి? చట్టం నాకంటూ అప్పగించిన బాధ్యత ఏది?" అని అడిగితే మాత్రం ప్రభుత్వం నుంచి విశ్వవిద్యాలయం దాకా అందరూ చూపు మరల్చుకుంటారు. ఈ రెండు నాల్కల ధోరణి మన దేశంలోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. దానికి మూల్యం చెల్లిస్తున్నవారు ఇరవై రెండేళ్ళ పిల్లలూ, వారిని చదివిస్తున్న తల్లిదండ్రులూ. నేను ఈ వృత్తిలోనివాణ్ణి కనుక నాది పక్షపాతమని ఎవరైనా అంటే కాదనను. ఇక్కడ చెప్పబోయే వాస్తవాలు మాత్రం నా పక్షపాతం మీద ఆధారపడినవి కావు.

ముందుగా పేరు సంగతి. తెలుగులో మా వృత్తికి ఒక పేరు కుదురుగా నిలవలేదు. "వాస్తుశిల్పి" అంటే వినేవారు మొదటి సగం దగ్గరే ఆగిపోయి, ఈశాన్యం మూల ఏం పెట్టాలో చెప్పమంటారు. "ఆర్కిటెక్టు" అంటే ఏ కంపెనీలో అని అడుగుతారు. జాలంలో మన మిత్రులలోనే సాఫ్టువేరు ఆర్కిటెక్టులు ఎందరో ఉన్నారు. వారిమీద నాకు కోపమేమీ లేదు. ఆ హోదాకు ఏ మండలిలోనూ నమోదు కానక్కరలేదని గుర్తుచేస్తున్నాను, అంతే. ఇటుకా సున్నంతో పని ఉన్నవాడు అదే మాట వాడుకోవాలంటే చట్టం కావలసివచ్చింది.

ఆ చట్టం 1972లో వచ్చిన ఆర్కిటెక్టుల చట్టం. దాని ప్రకారమే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఏర్పడింది. గుర్తింపు ఉన్న కళాశాలలో ఐదేళ్ళ బి.ఆర్క్. చదివి ఆ మండలిలో నమోదైనవారే ఆర్కిటెక్టులమని చెప్పుకోవాలి. ఇతరులు చెప్పుకుంటే నేరం. చట్టం చేసిననాడు మొదటి నేరానికి పెట్టిన జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. జరిమానా చిన్నదైనా నియమం నియమమే అనుకుందాం. ఆ నియమం కాపాడుతున్నది దేనిని? పేరును మాత్రమే. భవనానికి రూపకల్పన చేయడం, నిర్మాణాన్ని పర్యవేక్షించడం అనే పనులను ఆ చట్టం ఎవరికీ ప్రత్యేకించలేదు. ఆర్కిటెక్టునని బోర్డు పెట్టుకోకపోతే చాలు, ఈ చట్టం ఎవరికీ అడ్డు చెప్పదు. ఇది రాతలో దొర్లిన లోపం కాదు. ఇంజనీర్లు మొదలైనవారి పనికి అడ్డు రాబోమని ఆ బిల్లు ఉద్దేశాలలోనే స్పష్టంగా చెప్పారు.

చెప్పినదాని పర్యవసానం 2020 మార్చి 17న సుప్రీంకోర్టులో తేటతెల్లమైంది. వివాదం నోయిడా ప్రాధికార సంస్థలోని "అసోసియేట్ ఆర్కిటెక్ట్" అనే ఉద్యోగానికి సంబంధించినది. మండలిలో నమోదు లేనివారిని ఆ పదవిలో కూర్చోబెట్టవచ్చునా అన్నది ప్రశ్న. చట్టంలోని 37వ సెక్షను నిషేధించినది పేరు వాడకాన్నే గాని పనిని కాదని న్యాయస్థానం తేల్చింది. కనుక నమోదు లేనివారు ఆ ఉద్యోగం చేయవచ్చు; అయితే ఉద్యోగం పేరులోంచి "ఆర్కిటెక్ట్" అనే మాట తీసివేయాలి!

న్యాయమూర్తులను నేను తప్పుపట్టడం లేదు. ఉన్న చట్టాన్ని ఉన్నట్టే చదివారు. కానీ ఆ తీర్పు చూపించిన దృశ్యాన్ని ఒక్క క్షణం ఊహించండి. మనిషి అతడే, కుర్చీ అదే, బల్లమీద పటాలూ అవే. తలుపుమీది పేరుపలక మారితే చట్టానికి తృప్తి కలుగుతుంది. వైద్యుడనని చెప్పుకోనంతవరకు ఎవరైనా కడుపు కోయవచ్చునని చట్టం చెబితే మనం ఊరుకుంటామా? కూలితే వందలమంది ప్రాణాలు పోయేవీ, కూలకపోయినా యాభై ఏళ్ళపాటు వేలమంది గాలినీ వెలుగునూ నిర్ణయించేవీ అయిన కట్టడాల విషయంలో ఊరుకుంటున్నాం.

ఇక్కడి పరిస్థితి ఇది కనుక పిల్లలు పైచదువుకు పడమటి వైపు చూస్తారు. చూడటం కొత్త కాదు. హబీబ్ రహమాన్ 1944లో ఎం.ఐ.టి.లో ఎం.ఆర్క్. చేశాడు. అచ్యుత్ కన్విందే 1940లలోనే హార్వర్డులో గ్రోపియస్ దగ్గర చదివాడు. చార్లెస్ కొరియా 1955లో ఎం.ఐ.టి. నుంచి ఎం.ఆర్క్. పుచ్చుకొని వచ్చాడు, హైదరాబాదులోని ఈసీఐఎల్ కార్యాలయ భవనం ఆయన చేతిదే. వారు చదివేనాటికి మన దేశంలో నమోదు చట్టమే లేదు. విద్య కోసం వెళ్ళారు, విద్యతో తిరిగివచ్చారు, దేశం వారికి పని ఇచ్చింది. పట్టామీద ఏమి రాసి ఉన్నదో ఎవరూ భూతద్దం పెట్టి చూడలేదు.

నేటి విద్యార్థి సంగతి వేరు. అతడు చాలావరకు అక్కడే పనిచేయాలని వెళుతున్నాడు. అక్కడ పనిచేయాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కావాలి. చాలా రాష్ట్రాలలో లైసెన్సుకు మొదటి మెట్టు, ఎన్.ఏ.ఏ.బి. అనే జాతీయ గుర్తింపు సంస్థ ఆమోదించిన వృత్తిపట్టా. తరువాత 3,740 గంటల పర్యవేక్షిత అనుభవం, ఆపైన ఆరు భాగాల పరీక్ష. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. చెప్పకుండా దాటవేసేది ఒకటుంది. ఎం.ఆర్క్. అనే ఒకే పేరు వెనుక రెండు వేర్వేరు పట్టాలున్నాయి.

మొదటిది వృత్తిపట్టా. ఏ గణితమో, సాహిత్యమో చదివి డిగ్రీ పుచ్చుకున్నవాడు కూడా ఇందులో చేరవచ్చు. సాధారణంగా మూడేళ్ళు, మూడున్నరేళ్ళు పడుతుంది. గుర్తింపు దీనికే. రెండవది వృత్తిపట్టా పొందినవారికోసం పెట్టిన ఉన్నతవిద్య. ఏడాదిన్నరలోనో రెండేళ్ళలోనో అయిపోతుంది. ఎన్.ఏ.ఏ.బి. గుర్తింపు దీనికి లేదు. హార్వర్డులో, యేలులో ఈ రెండింటికీ ఒకటి, రెండు అని అంకెలు తగిలించారు. మనవాళ్ళకు ఒకటికన్నా రెండు పెద్దది. పైగా తక్కువ కాలం, తక్కువ ఖర్చు. అప్పటికే బి.ఆర్క్. ఉన్న మన పిల్లవాణ్ణి రెండవదానికే అర్హుడని ప్రవేశ నిబంధనలు కూడా ఆహ్వానిస్తాయి. తీరా చదివి బయటికి వచ్చాక రాష్ట్ర బోర్డు అడిగేది ఒకటవ అంకె పట్టానే! విజయవాడలోనో, విశాఖలోనో, హైదరాబాదు మాసబ్ ట్యాంకులోనో చేసిన బి.ఆర్క్.కు ఆ గుర్తింపు లేదు. అక్కడ చేసిన రెండవ పట్టాకూ లేదు. ఏడేళ్ళ చదువు, రెండు పట్టాలు, అయినా ఆర్కిటెక్టునని చెప్పుకోవడానికి వీల్లేదు. "డిజైనరు" అని చెప్పుకోవాలి.

దారులు పూర్తిగా మూసుకుపోలేదు. పరదేశపు పట్టాను పాఠ్యాంశం పాఠ్యాంశంగా తూకం వేసి, లోటు ఏదో చెప్పే ఏర్పాటు ఎన్.ఏ.ఏ.బి.లోనే ఉంది. లోటు పూడ్చుకోవడానికి మళ్ళీ కాలమూ డబ్బూ పోయాలి. కాలిఫోర్నియా, న్యూయార్కు వంటి కొన్ని రాష్ట్రాలు అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. రెండవ పట్టాను చిన్నచూపు చూడటం కూడా నా ఉద్దేశం కాదు. నగర రూపకల్పననో, పాత కట్టడాల పరిరక్షణనో లోతుగా చదవదలచినవారికి, తిరిగివచ్చి ఇక్కడ పనిచేసేవారికి అది మంచి చదువే. నా అభ్యంతరమల్లా ఆ భేదాన్ని చేరకముందు చెప్పకపోవడం మీద. గుర్తింపు ఉన్న పాఠశాలలు ఆ సంగతిని తమ వివరపత్రాలలో ప్రకటించాలన్న నియమం ఉంది. గుర్తింపు లేని పట్టా చాలాచోట్ల మౌనంగా ఊరుకుంటుంది. మన ఊళ్ళలోని విదేశీవిద్య సలహాదారులు ఆ మౌనానికి రంగుల అట్ట వేసి అమ్ముతారు. ఇల్లు గీయడం నేర్పించడానికి తండ్రి ఉన్న ఇల్లు తాకట్టు పెడతాడు.

పోనీ, ఆ ఒకటవ పట్టాకైనా "వృత్తి" అన్న మాట భద్రంగా దక్కిందా? 2025లో అదీ కదిలింది. ఆ ఏడాది జూలైలో వచ్చిన అమెరికా సమాఖ్య చట్టం విద్యారుణాలకు హద్దులు పెట్టింది. మామూలు స్నాతకోత్తర విద్యార్థికి ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష. వృత్తిపట్టా చదివేవారికి ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షలు. 2026 జూలై 1 నుంచి అమలు. ఇక వృత్తిపట్టా అంటే ఏది? 2025 నవంబరులో విద్యాశాఖ ఏర్పరచిన సంఘం అంగీకరించిన నిర్వచనంలో వైద్యం, న్యాయశాస్త్రం, దంతవైద్యం, పశువైద్యం, ఫార్మసీ వగైరాలున్నాయి. కైరోప్రాక్టిక్ ఉంది. మతశాస్త్రం కూడా ఉంది. వాస్తుశిల్పం లేదు. అక్కడి ఆర్కిటెక్టుల సంస్థ నిరసన తెలిపింది.

ఇది రుణాల లెక్కకోసం చేసిన విభజనే గాని ఏ వృత్తి విలువనూ తగ్గించడానికి కాదని విద్యాశాఖవారి సమాధానం. మాట వినడానికి బాగానే ఉంది. కాని వృత్తిపట్టాకు వారి నిబంధనలోనే ఉన్న లక్షణాలు చూడండి: వృత్తిలో ప్రవేశించడానికి కావలసిన చదువు పూర్తికావడం, మామూలు డిగ్రీకి మించిన నైపుణ్యం, సాధారణంగా లైసెన్సు అవసరం కావడం. ఒకటవ ఎం.ఆర్క్.లో వీటిలో లేనిదేది? ఐదేళ్ళ బి.ఆర్క్.తోనూ లైసెన్సు వస్తుంది కదా అని కొందరంటారు. నిజమే. కానీ పద్దెనిమిదో ఏట ఆ దారి పట్టక, వేరే డిగ్రీ చదివాక ఈ వృత్తిలోకి రాదలచినవాడికి ఎం.ఆర్క్. తప్ప గుర్తింపు ఉన్న దారి దాదాపు లేదు. ఇక్కడినుంచి వెళ్ళే విద్యార్థికి సమాఖ్య రుణం ఎలాగూ దొరకదు. అక్కడ పుట్టి పెరిగిన మన తెలుగువాళ్ళ పిల్లలకు మాత్రం ఈ జాబితా నేరుగా తగులుతుంది. ఇంట్లో స్తోమత ఉన్నవాడే ఈ వృత్తిలోకి రావాలన్నది దాని ఫలితం. స్తోమత ఉన్నవాళ్ళే గీసిన ఊరు ఎవరికి పనికివస్తుందో వేరే చెప్పాలా?

ఇక సాధారణంగా వినవచ్చే ఆక్షేపణలు రెండు.

ఒకటి: ఫ్రాంక్ లాయిడ్ రైట్ పట్టా పూర్తి చేయలేదు, లె కొర్బూజియే ఏ ఆర్కిటెక్చరు డిగ్రీ లేకుండానే చండీగఢ్ గీశాడు, ఇక ఈ పట్టాల గోల ఎందుకు? మహానుభావులను చూపించి మామూలు వాళ్ళకు నియమాలు వద్దనడం వాదం కాదు. పైగా ఈ మాట అనేవాడు తన కార్యాలయంలో ఉద్యోగానికి ప్రకటన ఇచ్చేటప్పుడు పట్టానే అడుగుతాడు.

రెండు: పట్టాలేని మేస్త్రీలు మన ఇళ్ళు కట్టలేదా? కట్టారు, చక్కగా కట్టారు. మండువా లోగిళ్ళు గీసినవాళ్ళు ఏ జ్యూరీ ముందూ నిలబడలేదు. మేస్త్రీ నోటి దగ్గర కూడు లాక్కోమని నేను అనడం లేదు. తాను కట్టిన ఇంటి పక్కనే బతికిన మేస్త్రీ ఊరికంతటికీ జవాబుదారీ. పది అంతస్తుల భవనానికి ఎవరు జవాబుదారీ? సంతకం ఒకరిది, ఆలోచన ఒకరిది, మెట్లు ఎటు తిప్పాలన్నది సిద్ధాంతిగారిది, స్తంభం ఎంత సన్నబడవచ్చునో చెప్పేది బిల్డరు. బాధ్యత పంచుకొని పంచుకొని ఎవరి వాటాకూ రాకుండా పోయింది. వృత్తివిద్య అంటే ఆ బాధ్యతను ఒక మనిషి పేరుమీద రాయడం. గుత్తాధిపత్యం కాదు నేను కోరేది, జవాబుదారీతనం. ఒక స్థాయి దాటిన కట్టడాలకైనా రూపకల్పన బాధ్యతను చట్టం స్పష్టంగా అప్పగించాలి. అది చేయలేకపోతే ఐదేళ్ళ చదువును వృత్తివిద్య అని పిలవడం మానుకోవాలి, రుసుము కూడా ఆ మేరకు తగ్గించాలి.

అది జరిగేదాకా, ఈ చదువుకు పిల్లలను పంపబోయేవారు మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఒకటి, ఈ పట్టాకే గుర్తింపు ఉందా? విశ్వవిద్యాలయానికి ఉందన్న జవాబు చెల్లదు. రెండు, స్థిరపడదలచిన రాష్ట్రంలో లైసెన్సు బోర్డు ఏమి అడుగుతుంది? మూడు, తిరిగివస్తే ఇక్కడ అదనంగా దక్కేదేమిటి? ఇక్కడి నమోదుకు బి.ఆర్క్. చాలు, ఎం.ఆర్క్. వల్ల జ్ఞానం పెరగవచ్చు గాని నమోదులో కొత్త హక్కు ఏదీ రాదు.

ఈ మూడింటికీ సూటిగా జవాబివ్వని కళాశాల ఎంత పేరున్నదైనా సరే, ఆ రుసుము కట్టవద్దు. పేరు ఒక్కటే చాలదని పై కథంతా చెబుతూనే ఉంది. ఏమంటారు?