ఆగుదామా... కొనేద్దామా?

స్కూటర్ కొనేవాళ్లు మైలేజీ గురించి ఆలోచిస్తారు. ఫ్రిజ్ కొనేవాళ్లు కరెంటు బిల్లు గురించి ఆలోచిస్తారు. లాప్‌టాప్ కొనేవాళ్లు మాత్రం... ఇప్పుడే కొనకుండా ఉండటం ఎలాగా అని ఆలోచిస్తారు! ‘ఇంకో రెండు నెలలు ఆగితే కొత్త మోడల్ వస్తుందట’ అన్న మాట చెవిన పడితే చాలు, చేతిలో డబ్బులున్నా కాళ్లు షాపు వైపు కదలవు. అందులోనూ మంచి తెర, మంచి గ్రాఫిక్స్, వీడియో ఎడిటింగ్ అంటూ లక్ష దాటే మల్టీమీడియా లాప్‌టాప్ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు.

చీపురుపల్లిలో ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రిది ఫొటో స్టూడియో. కొడుకు డిగ్రీ అయ్యాక తనూ కెమెరా పట్టాడు. పెళ్లి వీడియోల మిక్సింగ్ అంతా స్టూడియో వెనకగదిలో ఉన్న పాత కంప్యూటర్ మీదే. దానికి విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కేమో మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది. కొత్త కెమెరా తీసే 4కె వీడియోని తెరిస్తే ఆ కంప్యూటర్ కాసేపు ఆలోచించి ఆగిపోతుంది. తల్లి చీటీ పాడి రూ.1.20 లక్షలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. ఇది నవంబర్ మాట అనుకుందాం.

‘‘ఏట్రా, ఇంకా కొనలేదేటి?’’

‘‘జనవరిలో కొత్త చిప్పులొస్తాయి నాన్నా. అప్పుడు పాతవాటి రేట్లు కూడా తగ్గిపోతాయి.’’

‘‘మరి మాఘమాసం నీ చిప్పుల కోసం ఆగుద్దేటి?’’

తండ్రి అడిగిన దాంట్లో చాలా లెక్క ఉంది. కానీ కొడుకుది వట్టి చాదస్తమేమీ కాదు. ఈ ‘ఆగుదాం’ అనే బుద్ధికి కంప్యూటర్ లోకంలో ఓ పేరే ఉంది... ఆస్బోర్న్ ఎఫెక్ట్. ఆ పేరుకు కారణమైన ఆడమ్ ఆస్బోర్న్ 1939లో బ్యాంకాక్‌లో పుట్టినా, చిన్నతనం గడిచింది మన పక్కనే, తిరువణ్ణామలైలో. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి గురించి పుస్తకాలు రాసినవాడు. కొడుకు దారి వేరు. అమెరికా వెళ్లి, 1981లో ‘ఆస్బోర్న్ 1’ అనే కంప్యూటర్ అమ్మకానికి పెట్టాడు. చేత్తో పట్టుకుని తిరగగల కంప్యూటర్లలో జనం బాగా కొన్న మొదటిది అదే అంటారు. చేత్తో అంటే... బరువు దాదాపు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, ధర 1,795 డాలర్లు! బ్యాటరీ లేదు, ప్లగ్గు పెట్టాల్సిందే. అయినా ఎగబడి కొన్నారు. 1983లో ఇంతకంటే మంచిది వస్తోందని కబురు ముందే బయటికి పొక్కింది. అంతే... ‘అయితే అదే కొందాం’ అని జనం ఆగిపోయారు. పాతది అమ్ముడుపోలేదు, కొత్తది సమయానికి అందలేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. పోటీ కంపెనీల దెబ్బే అసలు కారణమనే వాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, పేరు మాత్రం ఆయనకే స్థిరపడిపోయింది. చివరి రోజుల్లో మళ్లీ తమిళనాడుకే వచ్చి, 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడాయన.

ఆగడం వల్ల అప్పుడు నష్టపోయింది కంపెనీ. ఇప్పుడు నష్టపోయేది మాత్రం ఎక్కువగా కొనేవాళ్లే. ఎలాగంటారా? ఏటా జనవరిలో అమెరికాలోని లాస్‌వేగాస్‌లో సీఈఎస్ అనే పెద్ద ప్రదర్శన జరుగుతుంది. కొత్త చిప్పులు, కొత్త లాప్‌టాప్‌లు చాలావరకు అక్కడే తెర మీదికొస్తాయి. కానీ తెర మీద కనబడిన రోజే షాపులోకి రావు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 గ్రాఫిక్స్ సంగతే చూడండి. ప్రకటించింది 2025 జనవరిలో. వాటితో లాప్‌టాప్‌లు మొదలైంది మార్చి చివర్లో. అదీ ముందు బాగా ఖరీదైనవి. మధ్యరకం ధరలవి ఆ తర్వాత నిదానంగా దిగాయి. జనవరి కోసం ఆగిన కుర్రాడు విశాఖ ద్వారకానగర్‌లో బేరమాడేసరికి మాఘం, ఫాల్గుణం వెళ్లిపోయి ఉంటాయి. ఈలోగా పెళ్లిళ్ల మిక్సింగ్ విజయనగరంలో మరెవరికో డబ్బులిచ్చి చేయించాలి. కొత్త మోడల్ రాకతో పాతదాని మీద తగ్గేది ఏ పది వేలో అనుకుంటే, నాలుగు పెళ్లిళ్లకే అది చెల్లు!

‘పాతవాటి రేటు తగ్గుతుంది’ అన్న నమ్మకం కూడా ఈమధ్య సరిగా పనిచేయడం లేదు. 2023 ఆగస్టు 3న కేంద్రం లాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అని ఉన్నట్టుండి ప్రకటించింది. మర్నాడే గడువు పొడిగించినా, కొనాలనుకున్నవాళ్ల గుండెల్లో రాయి పడింది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గింపులంటే లాప్‌టాప్‌కీ తగ్గుతుందని కాచుకున్నవాళ్లున్నారు. పెద్ద టీవీల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గింది కానీ, లాప్‌టాప్‌ల మీద ముందు నుంచీ ఉన్నది 18 శాతమే, అదే కొనసాగింది. ఇక ఆ ఏడాది చివర్లో కొత్త గొడవ. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని టోకున ఎత్తుకుపోవడంతో ర్యామ్ ధర కొండెక్కి కూర్చుంది. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ, ఆ వ్యాపారమే మానుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అప్పుడు ఆగినవాళ్లకి ధర తగ్గలేదు సరికదా, పెరిగింది.

సరే, కొందాం. ఏది?

మల్టీమీడియా అన్న మాటకి ఇరవై ఏళ్లలో అర్థం మారిపోయింది. 2006 ప్రాంతంలో మల్టీమీడియా లాప్‌టాప్ అంటే డీవీడీ రైటరు, గట్టి స్పీకర్లు, వెడల్పాటి తెర. హెచ్‌పీ పెవిలియన్ కొన్ని మోడళ్లలోనైతే చిన్న రిమోట్ కూడా పక్కన సందులో దూర్చి ఉండేది. సినిమా చూడ్డానికన్నమాట! ఇప్పుడు సినిమా ఫోన్‌లో కూడా చూస్తున్నారు. లక్ష పెట్టి కొనేది చూడ్డానికి కాదు, తయారుచేయడానికి. కాబట్టి మొదట తేలాల్సింది కంపెనీ కాదు, ఏ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారన్నది. పెళ్లి వీడియోలవాళ్లకి చేయి తిరిగిన ఎడియస్ విండోస్‌లోనే నడుస్తుంది. ఫైనల్ కట్ ప్రో ఆపిల్‌లోనే నడుస్తుంది. డావిన్సీ రిజాల్వ్ రెండింట్లోనూ నడుస్తుంది, ఉచితంగా దొరికేది కూడా ఉంది. తండ్రి ఎడియస్ వదలనంటే మ్యాక్‌బుక్ సంగతి అక్కడితో మర్చిపోవచ్చు.

తర్వాత చిన్న లెక్క. కెమెరా సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున 4కె వీడియో తీస్తుందనుకుందాం. గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు, ఆరేసి గంటలు... ఒక్క పెళ్లికి 540 జీబీ! షాపువాడు గొప్పగా చెప్పే 512 జీబీ డిస్కులో మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా పట్టవు. అందుకే ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఉండాలి, ఇంకోటి పెట్టుకోవడానికి లోపల ఖాళీ స్లాటూ ఉండాలి. ర్యామ్ 16 జీబీ కనీసం, 4కెకి 32 ఉంటే హాయి. ‘తర్వాత వేసుకుందాంలే’ అనుకునేవాళ్లు ఒక్క ప్రశ్న అడగడం మర్చిపోవద్దు. ర్యామ్ స్లాటులో ఉందా, బోర్డుకే అతికించి ఉందా? సన్నటి అందమైన మోడళ్లలో చాలావాటికి అతికించే ఉంటుంది. అలాంటిది కొంటే జీవితాంతం అంతే.

పేర్ల దగ్గరే అసలు మాయ. ఇంటెల్‌లో చివర ‘యు’ ఉంటే పొదుపుగా నడిచేది, ‘హెచ్’ ఉంటే గట్టి పనికి. ఐ7 అన్న బొమ్మ చూసి మురిసిపోయి చివరి అక్షరం చూడనివాళ్లే ఎక్కువ. ఏఎండీ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి. 7520యు అన్నదాంట్లో మూడో అంకె 2, అంటే లోపలున్నది 2019 నాటి జెన్ 2 డిజైను. పేరు మాత్రం 7000! పాత పంచాంగానికి కొత్త అట్ట వేసినట్టు. గ్రాఫిక్స్‌లోనూ ఇదే తంతు. ఆర్‌టీఎక్స్ 4060 అని రాసి ఉన్న రెండు లాప్‌టాప్‌లలో ఒకదానిది 35 వాట్లు, ఇంకోదానిది 115 వాట్లు కావచ్చు. పేరొకటే, పని ఒకటి కాదు. ఆ వాట్ల సంఖ్య పెట్టె మీద కనబడదు, కంపెనీ వెబ్‌సైట్‌లో చిన్నక్షరాల్లో వెతకాలి. ఇంకో సూక్ష్మం. ఈమధ్య కెమెరాల్లో ‘10 బిట్ 4:2:2’ అనే రకం వీడియో ఉంటోంది. రంగులు సరిదిద్దుకోవడానికి వీలుగా ఉంటుంది కానీ కంప్యూటర్‌కి మహా బరువు. ఇంటెల్ చిప్పులు కొన్నేళ్లుగా హెచ్.265లో దీన్ని సులువుగా తెరుస్తున్నాయి. ఎన్విడియాలో ఆ వీలు 50 సిరీస్‌తోనే వచ్చింది. కొడుకు కెమెరా ఆ రకమైతే, కొత్త చిప్పు కోసం ఆగడానికి అదొక్కటే న్యాయమైన కారణం. ‘కొత్తది కదా’ అన్నది కారణం కాదు.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది తెర. చవక తెరల వివరాల్లో ‘45% ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది. రంగుల్లో మూడో వంతుకు పైగా అది చూపించలేదు. కంచిపట్టు చీర ఎరుపు దాంట్లో ఇటుక రంగులా కనబడుతుంది. అది చూసి ఎరుపు పెంచి, ఇంటికిస్తే, వాళ్ల టీవీలో పెళ్లికూతురి ముఖం కూడా కుంకుమ పూసినట్టుంటుంది! ‘100% ఎస్‌ఆర్‌జీబీ’ అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. ఓఎల్‌ఈడీ తెర ఇంకా బాగుంటుంది. కనకమహాలక్ష్మి అమ్మవారి జాతర రాత్రి వీడియో పెట్టి చూస్తే చీకటి చీకటిలాగే, దీపాలు దీపాల్లాగే ఉంటాయి. ఒకటే చిక్కు... రోజూ పది గంటలు అవే మెనూలు తెర మీద కదలకుండా ఉంటే, ఏళ్లు గడిచాక వాటి మచ్చ పడే అవకాశం ఉంది. మిక్సింగ్ చేసేవాళ్లకి సరిగ్గా ఉండేది అదే పని.

ఇవన్నీ ఏ పట్నంలోనైనా చూసుకునేవే. చీపురుపల్లిలో ఉంటే అదనంగా చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. ఒకటి సర్వీసు. చెడితే విశాఖ తీసుకెళ్లాలా, మనిషి ఇంటికొస్తాడా? ‘ఆన్‌సైట్ వారంటీ’ అని షాపులో చెప్పినంత మాత్రాన చాలదు, కంపెనీకే ఫోన్ చేసి ఊరి పిన్‌కోడ్ చెప్పి, ఇక్కడికి వస్తారా అని అడగాలి. కిటకిటలాడే రైల్లో రెండు కిలోల పైన ఉన్న లాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని విశాఖ రెండుసార్లు వెళ్లొస్తే, షాపులో మిగిల్చిన మూడు వేలు గుర్తుకు కూడా రావు. రెండోది ఎర్తు. పాత ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది కానీ వెనక ఎర్తు వైరు ఉండదు. లోహపు బాడీ ఉన్న లాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా చేతికి సన్నగా జివ్వుమంటే మిషన్ చెడిందని షాపువాడితో తగువు పడుతుంటారు. చాలాసార్లు తప్పు గోడలోనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు అది సరిచేయించాలి.

మూడోది కరెంటు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లెన్నో. మామూలు కోతలు సరేసరి. గట్టి గ్రాఫిక్స్ లాప్‌టాప్ ప్లగ్గు తీస్తే వేగం తగ్గిపోతుంది, ఎడిటింగ్ చేస్తే గంటా గంటన్నరకే బ్యాటరీ దిగిపోతుంది. ఎంత ఖరీదైనదాంట్లోనూ బ్యాటరీ 99 వాట్ అవర్ల దగ్గరే ఆగుతుంది. విమానంలోకి విడిగా అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగేది వందే మరి! పైగా వీటి చార్జర్లు 200 వాట్ల దాకా లాగుతాయి. ఇంట్లో ఇన్వర్టర్ కొన్నప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లే లెక్కలో ఉండి ఉంటాయి.

డబ్బు దగ్గర ఒక మాట. స్టూడియోకి మామూలు పద్ధతిలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు ఆ నంబరు మీదే రాయించుకోవాలి. రూ.1.18 లక్షల బిల్లులో రూ.18 వేలు పన్నే. వ్యాపారానికి వాడే యంత్రం కాబట్టి ఆ పన్నుని తాము కట్టాల్సిన జీఎస్టీలో సర్దుబాటు చేసుకోవచ్చు. కొడుకు ముచ్చటపడి తన పేరున బిల్లు రాయించుకుంటే ఆ వీలుండదు. ఇంకెప్పుడు కొనాలంటే, పెళ్లిళ్లు లేనప్పుడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు. జూన్, జులైల్లోనే కాలేజీ పిల్లల కోసం కంపెనీలు ఆఫర్లు పెడతాయి. శ్రావణం వచ్చేదాకా కొత్త యంత్రానికి చేయి అలవాటవుతుంది. మన కుటుంబం ఆ ఆషాఢం దాటించేసి నవంబర్‌లోకి వచ్చింది కాబట్టి, మాఘానికి ముందే కొనేయడం మేలు.

కొన్నాక వారంలోపు ఒక పాత పెళ్లి వీడియోని మొదటి నుంచి చివరిదాకా దాని మీద మిక్సింగ్ చేసి చూడాలి. ఫ్యాన్ల రొద, తెర అంచుల్లో వెలుగు, కీబోర్డు వేడి... ఏదైనా తేడా ఉంటే మార్చుకునే గడువులోనే తెలిసిపోతుంది. అలాగే ఓ యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కూడా తెచ్చుకోవాలి. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే సందు ఉండదు. తండ్రి ఇరవై ఏళ్లుగా తీసిన పెళ్లిళ్లన్నీ స్టూడియో బీరువాలో డీవీడీల మీదే ఉన్నాయి. వాటిలో కొన్ని ఇప్పటికే సరిగా చదవబడకపోవచ్చు. కొత్త డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే మొదట ఎక్కించాల్సింది వాటినే.