ఆపరేషన్ ఫ్రీ సరే, మరి మాత్రల సంగతేంటి?



2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన గూడేల్లో చాలా ప్రాణాలు నిలబడ్డాయి. కాదనట్లేదు. కానీ ఆ కార్డు ఎక్కడ ఆగిపోతుందో కూడా మనం మాట్లాడుకోవాలి.

ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. డిశ్చార్జ్ అయ్యాక మందులు మాత్రం 15 రోజులకే. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో అయితే 10 రోజులకు ఇచ్చి పంపుతారు.

ఆ తర్వాత? గుండెకు మెకానికల్ వాల్వు వేయించుకున్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా బతికినంత కాలం మాత్ర వేసుకోవాలి. రక్తపరీక్ష చేయించుకుంటూ డోసు సరిచూసుకోవాలి. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ మళ్లీ గట్టిగా వస్తాయి. సికిల్ సెల్‌కు హైడ్రాక్సీయూరియా రాసిస్తే మధ్యలో మానకుండా వాడాలి. కొన్ని జబ్బులకు ఫాలో-అప్ కూడా ఉచితమే, కానీ దానికి మళ్లీ పట్నం పోవాలి. రానుపోను ఛార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? లక్షలు పెట్టి ఆపరేషన్ చేసి, చివరికి మాత్ర దగ్గర మనిషిని వదిలేస్తే ఏం లాభం?

"గిరిజనులు మందులు సరిగ్గా వాడరు" అనే మాట మనం చాలాసార్లు విన్నాం. చీటీ ఇంగ్లీషులో ఉంటే, అందులో రాసిన బ్రాండ్ మండల కేంద్రంలో దొరక్కపోతే ఎవరైనా ఎలా వాడతారు? తప్పు మనవాళ్ల తెలివిది కాదు, దూరానిది, ధరది.

అందుకే మేం అడిగేవి మూడు. ఒకటి, డిశ్చార్జ్ చీటీలో మందు అసలు పేరు రాయాలి, ఎన్నాళ్లు వాడాలో తెలుగులో చెప్పాలి. రెండు, ఆ చీటీ వివరాలు పేషెంట్ ఊరి పీహెచ్‌సీకి చేరాలి, నెలనెలా మందులు అక్కడే ఇవ్వాలి. మూడు, సంత జరిగే ప్రతి మండల కేంద్రంలో జన ఔషధి షాపు పెట్టాలి. 1956 నుంచి మన మధ్య ఉన్న జీసీసీకి ఆ బాధ్యత ఇచ్చినా చాలు.

ఇవి వచ్చేదాకా ఖాళీగా కూర్చోవద్దు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ గూడెంలో ఆపరేషన్ అయినవాళ్ల చీటీలు చూడండి. ఏ మాత్ర ఆగిపోయిందో రాసుకుని ఆశా అక్కకు, పీహెచ్‌సీ డాక్టరుకు చూపించండి. డాక్టరును అడక్కుండా ఏ మందూ మార్పించొద్దు. ఆ లిస్టులన్నీ కలిపి ఐటీడీఏ గ్రీవెన్స్‌లో పెడదాం. వట్టి మాట కాదు, చేతిలో కాగితం ఉంటే జవాబు చెప్పక తప్పదు.

జై ఆదివాసీ!