విరిగిన మూతకు కొలత ఎలా?

పాత ట్యాంకు గుండ్రటి మూత తుప్పుపట్టి విరిగింది. మిగిలింది అంచున్న ఒక ముక్కే. అదే సైజులో కొత్తది కోయాలి. ఇలాంటి పనిలోనే ఒకసారి మేము కంటికొలతతో కోసి, మంచి ప్లేటు పాడుచేసి, ఫోర్‌మన్ చేత చీవాట్లు తిన్నాం. తర్వాత కూర్చుని లెక్క వేశాం.

వంపు రెండు కొనల మధ్య టేపు పట్టాం: 24 సెం.మీ. దీన్నే బడిలో జ్యా అన్నారు. జ్యా మధ్య నుంచి నిటారుగా వంపు దాకా 8 సెం.మీ. వ్యాసార్థం ‘ర’ అనుకుందాం. కేంద్రం నుంచి జ్యాకు దూరం ర − 8, సగం జ్యా 12. ఇక పైథాగరస్ సూత్రమే:

ర² = 12² + (ర − 8)²
ర² = 144 + ర² − 16ర + 64

రెండు వైపులా ర² కొట్టేస్తే 16ర = 208, ర = 13. అంటే మూత వ్యాసం 26 సెం.మీ.

కేంద్రం కనబడకపోయినా ఫరవాలేదు. రెండు కొలతలు చాలు. ఎందుకీ బీజగణితం అని బడిలో విసుక్కున్నాం గానీ, ప్లేటును, పరువును కాపాడేది అదే.

వచ్చే వారానికి మీ వంతు: జ్యా 16, ఎత్తు 4. వ్యాసార్థమెంత?