నీళ్ల లెక్క మనమూ అడుగుదాం

"యురేనియం తవ్వినా నీళ్లు చెడవు, కంప్యూటర్‌ల మోడల్ వేసి చూసినం" అని ఎవరన్నా అంటే మీరేమంటరు? "మాకేం ఎరుక" అని తల దించుకోకండి. ఆ మోడల్ ఏందో తెలుసుకొని నిలదీయండి.

భూగర్భజలాల లెక్కకు పునాది డార్సీ సూత్రం. 1856లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక గుండా నీళ్లు పంపి చూసి చెప్పిండు. నెమ్మదిగా పారే నీళ్లకే అది సరిపోతది. వెడల్పాటి నెర్రెల్లో నీళ్లు వేగంగా, సుడులు తిరుగుతూ పోతే ఆ లెక్క తప్పుతది.

మరి లంబాపూర్, పెద్దగట్టు కింద ఉన్నదేంది? ఇసుక మేట కాదు. పైన శ్రీశైలం క్వార్ట్‌జైట్, అడుగున గ్రానైట్. ఆ రెండూ కలిసే చోటనే యురేనియం. గట్టిరాయిలో నీళ్లు పోయేది నెర్రెల గుండానే. ఏ నెర్రె ఏ బావికి పోతదో, ఏది సాగర్ దిక్కు పోతదో చూడకుండా రాయినంతా ఇసుక లెక్కన కడితే ఆ జవాబును ఎట్ల నమ్మాలె?

ఇంకోటి. సాగర్ నిండితే 590 అడుగులు, ఎండాకాలం బాగా దిగుతది. సముద్రానికి ఆటుపోట్లు రోజూ ఉంటయి, సాగర్‌కు ఏడాదికోసారి. మట్టం మారితే ఒడ్డున భూమిలోపలి నీటి వాలు కూడా మారుతది. ఒక్క సీజన్‌ల కొలిచి ఏడాది మొత్తానికి మాట చెప్పొద్దు.

ఇది లంబాడీ తండాల బాధ మాత్రమే కాదు. అప్పట్ల శుద్ధి ప్లాంటు పెడతామన్న శేరిపల్లి, హైదరాబాదుకు తాగునీళ్లిచ్చే అక్కంపల్లి జలాశయానికి దగ్గర్లనే ఉంది. 2019లో అమ్రాబాద్ చెంచుల అడవిలో 83 చదరపు కిలోమీటర్ల అన్వేషణ ముచ్చట వచ్చింది. జనం లేస్తే సెప్టెంబర్ 16న అసెంబ్లీ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. కానీ ఖనిజం ఇంకా భూమిలోనే ఉంది. రేపు మళ్లా కొత్త మోడల్‌తో వస్తరు.

మనం సైన్సుకు వ్యతిరేకం కాదు, సగం సైన్సుకు వ్యతిరేకం. అందుకే గ్రామసభల లేచి అడగండి: ఎన్ని బోర్లల్ల కొలిచిండ్రు? ఏ నెలల్ల? నెర్రెలను లెక్కల పెట్టిండ్రా? మోడల్ చెప్పిందీ బావిల కనబడ్డదీ ఒక్కటేనా? కాగితాలు తెలుగుల ఇచ్చిండ్రా?

ఏ చెలిమె ఎప్పుడు ఊరుతదో, ఎప్పుడు ఎండుతదో మన అవ్వలకు ఎరుకే. అది కూడా కొలతనే. రాసిపెట్టండి. తేదీలతో, బావి బావికీ రాయండి. రేపు వాళ్ల లెక్క పక్కన మన లెక్క పెడదాం.