మా నల్లోడికి పట్టింది పిచ్చి కాదు, భయం

“ఏందమ్మే ఇది! మనుషులకే మందుల్లేక చస్తా ఉంటే, కుక్కకి పిచ్చి మాత్రలా?”

పెరుగన్నం ముద్దలో మాత్ర దాస్తున్న నన్ను చూసి మా అత్తమ్మ అన్న మాట ఇది. ఆ రోజు నాకు కోపం వచ్చింది కానీ, జవాబు మాత్రం దొరకలేదు. ఇప్పుడు దొరికింది. అందుకే ఇది రాస్తున్నాను.

నల్లోడు మా పుట్టింటి కుక్క. ఉదయగిరిలో కొండ కింద, మేకలు తోలుకునే వాళ్ల ఇంటి ముందు పుట్టాడు. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు మా అమ్మ చీరముక్కలో చుట్టి ఇస్తే, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆత్మకూరు తెచ్చుకున్నాను. రెండేళ్లు ఏ గొడవా లేదు. పాలబ్బాయి వస్తే తోకూపేవాడు, పిల్లలు చెవులు లాగినా పడి ఉండేవాడు.

ఒక దీపావళి రోజు గేటు పక్కన కట్టేసి ఉన్నాడు. వీధిలో పిల్లలు వెలిగించిన సరం వాడి కాళ్ల దగ్గరే పేలింది. తప్పు మాది. ఆ సాయంత్రం వాణ్ణి అక్కడ కట్టేసి ఉండకూడదు.

ఆ తరవాత ఉరుము ఉరిమినా, తప్పెట్లు మోగినా, చివరికి కుక్కర్ విజిల్ వేసినా మంచం కిందికి దూరి వణికేవాడు. తలుపు చెక్క కొరికి పళ్లెంట రక్తం కార్చుకున్నాడు. కొన్నాళ్లకి మంచం కిందికి చెయ్యి పెడితే గుర్రుమనడం మొదలైంది. “మొరిగే కుక్క కరవదులే” అన్నారు ఇంట్లో. ఈ సామెతను నమ్మకండి. నేను నమ్మాను. పక్కింటి పిల్లాడు బంతి కోసం మంచం కిందికి వంగాడు, చెయ్యి కరిచాడు.

పంపు కింద సబ్బుతో పావుగంట కడిగి, పిల్లాణ్ణి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాం. నల్లోడికి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నా, పిల్లాడికి టీకాలు మొదలుపెట్టించాం. నల్లోణ్ణి పది రోజులు కట్టేసి కనిపెట్టుకుని ఉన్నాం. ఆ పది రోజులు నాకు అన్నం సయించలేదు. పక్కింటామె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

“ఉదయగిరి కొండ కాడ వదిలేసి వద్దాం, వాడు పుట్టిన చోటే కదా” అన్నారు మా ఆయన. ఆయనది రాతిగుండె కాదు, ఆయనకి కూడా దారి తోచలేదు. కానీ భయంతో కరిచే కుక్కను తెలియని చోట వదిలితే భయం తగ్గుతుందా? రేపు అక్కడ మేకల కాపరి పిల్లని కరిస్తే ఎవరిది పాపం? మన ఇంటి కష్టాన్ని ఇంకో ఊరి వీధిలో పారబోసినట్టు అవుతుంది. నేను ఒప్పుకోలేదు.

మొదట తెలిసినాయన మాట విని మత్తు సూది వేయించాం. నల్లోడు కాళ్లు చాపి పడిపోయాడు. కానీ టపాకాయ చప్పుడు వినపడగానే కళ్లు మాత్రం అదురుతూనే ఉన్నాయి. కొన్ని మత్తుమందులు ఒంటిని కదలనివ్వవు, లోపలి భయాన్ని మాత్రం ముట్టుకోవని నాకు తరవాత తెలిసింది. పారిపోదామన్నా కాళ్లు రానివ్వకుండా చేశామన్నమాట. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధే.

తరవాత నెల్లూరులో ఒక పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె ముందుగా మందు రాయలేదు. చెవులు, పళ్లు, కీళ్లు తడిమి చూసింది. నొప్పి ఉన్న కుక్క కూడా కరుస్తుందట. రక్తం పరీక్ష చేయించింది. ఇంట్లో ఎప్పుడెప్పుడు ఏం జరుగుతుందో గంట సేపు అడిగింది. ఆ తరవాత ఫ్లూఆక్సెటిన్ అనే మాత్ర రాసింది.

ఇది మనుషులకి దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే మందే. అమెరికాలో 1998లో క్లోమిప్రమిన్, 2007లో ఫ్లూఆక్సెటిన్ కుక్కల కోసమే తయారుచేసిన మాత్రలుగా అనుమతి పొందాయి. రెండూ యజమాని కనపడకపోతే తల్లడిల్లే కుక్కల కోసం వచ్చినవే. భయంతో కరిచే కుక్కలకి డాక్టర్లు తమ అనుభవంతో, జాగ్రత్తగా వాడతారు. కాబట్టి కుక్కకి మాత్రలన్నది నిన్న మొన్నటి పట్నం సోకు కాదు.

మెడికల్ షాపబ్బాయి “ఎవరికక్కా?” అని అడిగితే “మా కుక్కకి” అని చెప్పేశాను. వాడు నవ్వాడు. ఇంటికొస్తూ అనుకున్నాను, అదే మాత్ర నాకే అయితే మా ఊరి షాపులో కొనేదాన్నా అని. కొనేదాన్ని కాదు.

మొదటి రెండు వారాలు నల్లోడు సరిగ్గా తినలేదు, మందకొడిగా పడుకున్నాడు. అత్తమ్మ “చూశావా” అంది. నాకూ చేతులు ఆడలేదు. ఫలితం కనపడాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనీ, మధ్యలో ఉన్నట్టుండి ఆపకూడదనీ డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి పట్టుదలగా ఇచ్చాను. ఆరో వారంలో ఒక పొద్దున కుక్కర్ విజిల్ వేసింది. నల్లోడు తలెత్తి చూసి, మళ్లీ తల వాల్చుకున్నాడు. పప్పు దించడం కూడా మరిచిపోయి అలా నిలబడిపోయాను.

అయితే అది మాత్ర ఒక్కదాని మహిమ కాదు. రోజూ సెల్‌ఫోన్లో టపాకాయల చప్పుడు వినీ వినపడనంత మెల్లగా పెట్టి, ఉడికించిన గుడ్డు ముక్క పెట్టేదాన్ని. వాడు కుదురుగా ఉంటేనే మర్నాడు ఇంకొంచెం పెంచేదాన్ని. మూతికి బుట్ట తొడగడం అలవాటు చేశాం. మంచం కింద వాడి చోటు, అక్కడ ఎవరూ చెయ్యి పెట్టకూడదని ఇంట్లో కట్టడి చేశాం. మాత్ర వాడికి నేర్చుకునే నిదానం ఇచ్చింది. నేర్పాల్సింది మాత్రం మనమే. ఆ పని, తల్లులారా, ఇంట్లో ఎవరి నెత్తిన పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్తాను. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే నిద్రమాత్ర సగం విరిచి కుక్కకి వేయకండి. కొన్ని మందులతో కరవడం ఎక్కువయ్యే ప్రమాదం కూడా ఉంది. ఇంకోటి, గోమార్లకు మనవైపు విరివిగా వాడే అమిట్రాజ్ మందు ఈ మాత్రలతో కలిస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఒంటికి ఏం పూస్తున్నారో, మెడకి ఏ పట్టీ కట్టారో డాక్టరుకి చెప్పండి.

ఇక అత్తమ్మకి నా జవాబు. మనం రేబిస్‌నీ పిచ్చే అంటాం, మనసు బాగాలేకపోయినా పిచ్చే అంటాం. లక్షణాలు మొదలైన రేబిస్‌కి మందు లేదు, ముందుగా టీకా ఒక్కటే దిక్కు. భయానికి మాత్రం వైద్యం ఉంది. రెంటికీ ఒకే పేరు పెట్టుకుని, వైద్యం ఉన్నదాన్ని కూడా కొండ కాడ వదిలేస్తున్నాం.

ఈ మాట ఒక రాత్రి అత్తమ్మతో అన్నాను. చాలాసేపు పలకలేదు. తరవాత మెల్లగా, “మీ మామ పోయినాక నాకూ అట్టానే ఉండేదిమే. రాత్రిపూట గుండె దడదడా కొట్టుకునేది. ఎవరికి చెప్పినా గమ్మునుండు అన్నారు” అంది. ఆమెను ఎవరూ ఏ డాక్టరు దగ్గరికీ తీసుకుపోలేదు. పదేళ్లుగా అదే ఇంట్లో ఉన్న నాకు ఆ సంగతి తెలియదు.

నల్లోడు పూర్తిగా మారలేదు. దీపావళికి లోపలి గదిలో ఫ్యాను, టీవీ పెట్టి, పక్కన నేను కూర్చుంటాను. పక్కింటి పిల్లాడు ఇప్పటికీ మా గేటు దాటి రాడు. వాణ్ణి రమ్మని నేను అడగను, ఆ భయానికీ విలువ ఇవ్వాలి కదా.

రాత్రి ఎనిమిదింటికి పెరుగన్నం ముద్ద చేసేది మాత్రం ఇప్పుడు అత్తమ్మే. పోయిన నెలలో ఆమెను కూడా నెల్లూరు తీసుకెళ్లాను, మనుషుల డాక్టరు దగ్గరికి.